మురుగు బురద వేసిన పొలంలో భార లోహాల లభ్యత: పరీక్షించే క్రమం, అదుపు చేసే పద్ధతి

మురుగు శుద్ధి కేంద్రాల్లో ఎండబెట్టిన బురదను ఎరువుగా వాడే రైతులు, వారికి సలహా ఇచ్చే విస్తరణాధికారులు, వ్యవసాయ విద్యార్థులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: మట్టిలోని భార లోహాల్లో పంటకు అందేది ఎంతో సరిగ్గా తెలుసుకోవడం ఎలా? చాలామంది మట్టిలోని మొత్తం లోహాన్ని మాత్రమే కొలిపించి, ఆ అంకె చూసి భయపడడమో నిశ్చింతగా ఉండిపోవడమో చేస్తున్నారు. మొత్తంలో వేరుకు అందే భాగం కొంతే. ఆ భాగమే లభ్యత. అది మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణపు కొలత), సేంద్రియ కర్బనం, ఉప్పదనం, వేసిన పంట వీటిని బట్టి మారుతూ ఉంటుంది.

అలాగని మొత్తాన్ని పక్కన పెట్టడం కుదరదు. నత్రజనిలా లోహం గాలిలోకి పోదు, కుళ్లి మాయం కాదు. ఈ ఏడు మట్టిని అంటిపెట్టుకుని ఉన్న కాడ్మియం పీహెచ్ పడిపోయిన ఏడు పంటలోకి ఎక్కవచ్చు. అందుకే రెండూ చూడాలి, క్రమంలో చూడాలి.

ఉదాహరణలను హైదరాబాద్‌కు దిగువన మూసీ వెంట పారాగడ్డి, ఆకుకూరలు, వరి పండే నేలలను దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాను. అక్కడ బురద వేయని మడిలోకి కూడా మురుగునీటి వెంట కొంత లోహం వచ్చి చేరుతుంది కాబట్టి పరీక్ష అవసరం మరింత ఎక్కువ. క్రమం మాత్రం ఏ ఊరి పొలానికైనా ఒకటే.

1. ఏ లోహం ఎవరికి హాని చేస్తుందో ముందు తేల్చుకోండి

అన్ని లోహాలకూ ఒకే జాగ్రత్త చాలదు. జింకు, రాగి, నికెల్ ఎక్కువైతే సాధారణంగా ముందు పంటే దెబ్బతింటుంది: ఆకులు పాలిపోతాయి, ఎదుగుదల ఆగుతుంది, దిగుబడి పడిపోతుంది. తినేవారికి ప్రమాదం చేరేలోపే పొలం హెచ్చరిస్తుంది.

సీసం, మూడు విద్యుదావేశాల రూపంలోని క్రోమియం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటాయి, వేరు దాటి పైకి అంతగా ఎక్కవు. వీటితో అసలు ప్రమాదం ఆకుకు అంటుకున్న మట్టి, దుమ్ము ద్వారా వస్తుంది. పశువులు గడ్డితోపాటు మట్టినీ, దానికి అంటిన బురదనూ మింగుతాయి కాబట్టి మేత పొలాల్లో ఈ దారిని ప్రత్యేకంగా చూడాలి.

కాడ్మియం సంగతి వేరు. మొక్క పచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తూనే మనిషికి హాని చేసేంత కాడ్మియాన్ని ఆకులో దాచుకోగలదు. ఒక్క లోహానికే పరీక్ష చేయించే స్థోమత ఉంటే నేను కాడ్మియాన్నే ఎంచుకోమంటాను.

2. బురద వేయకముందే పరీక్ష, లెక్క

బురద ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఇళ్ల మురుగు మాత్రమే చేరే కేంద్రం బురదకూ, లోహపు పూత పరిశ్రమలు, తోళ్ల పరిశ్రమలు, బ్యాటరీ యూనిట్ల వ్యర్థజలం కలిసే కేంద్రం బురదకూ చాలా తేడా ఉంటుంది. ఒకే కేంద్రంలో కూడా ఒక్కో ఎండబెట్టే మడి బురద ఒక్కోలా ఉండవచ్చు. అందుకే కేంద్రం మొత్తానికి ఇచ్చిన పాత నివేదికతో సరిపెట్టుకోకుండా, మీరు తీసుకునే రాశి నుంచే నమూనా తీయాలి.

మన దేశంలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టుకు పెట్టిన గరిష్ఠ పరిమితులు బురదను తూచడానికి మంచి కొలమానం. పొడి బరువు మీద, కిలోకు మిల్లీగ్రాముల్లో అవి ఇవి:

- కాడ్మియం 5
- సీసం 100
- నికెల్ 50
- క్రోమియం 50
- రాగి 300
- జింకు 1000
- ఆర్సెనిక్ 10
- పాదరసం 0.15

అమెరికా 1993లో తెచ్చిన నిబంధనల్లో మంచి నాణ్యత గల బురదకు కాడ్మియం 39, సీసం 300, జింకు 2800 వరకు అనుమతించారు. ఆ అంకెలు చూపించి మన బురద శుభ్రమైనదని చెప్పేవారు ఎదురైతే ఒప్పుకోవద్దు. ఏడాదికి రెండు మూడు పంటల ఆకుకూరలు తీసే చిన్న మడికి మన దేశపు కఠిన పరిమితులే సరైనవని నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్క. ఒక ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. బురద 10 టన్నులు, అందులో తేమ 60 శాతం అనుకుంటే పొడి బరువు 4 టన్నులు. ఆ పొడి బురదలో కిలోకు 4 మిల్లీగ్రాముల కాడ్మియం, 900 మిల్లీగ్రాముల జింకు ఉంటే, ఎకరానికి చేరేది 16 గ్రాముల కాడ్మియం, 3.6 కిలోల జింకు. 9 లక్షల కిలోలతో భాగిస్తే మట్టిలో పెరిగేది కిలోకు సుమారు 0.018 మిల్లీగ్రాముల కాడ్మియం, 4 మిల్లీగ్రాముల జింకు.

ఒక్కసారికి ఇది స్వల్పమే. కానీ ఇరవై సార్లు వేస్తే కాడ్మియం 0.36, జింకు 80 మిల్లీగ్రాములు పెరుగుతుంది, తగ్గే దారి దాదాపు లేదు. ఇంగ్లండ్‌లోని వోబర్న్‌లో 1942 నుంచి 1961 వరకు బురద వేసిన ప్రయోగ మళ్లలో, వేయడం ఆపేసిన దశాబ్దాల తర్వాత కూడా లోహాల్లో అధిక భాగం దున్నే పొరలోనే కనిపించింది.

పోల్చుకోవడానికి ఐరోపా 1986 నిబంధన ఉంది. పదేళ్ల సగటున హెక్టారుకు ఏటా 0.15 కిలోల కాడ్మియం, 30 కిలోల జింకు మించకూడదని అది చెబుతుంది. మన లెక్కలో ఎకరానికి ఇవి సుమారు 60 గ్రాములు, 12 కిలోలు.

బురద దింపించుకునే ముందు చూసుకోవలసినవి:

- ఆ రాశి నుంచే తీసిన నమూనాకు లోహాల నివేదిక ఉందా?
- తేమ శాతం నివేదికలో ఉందా? లోహం అంకె పొడి బరువు మీదేనా?
- ఎన్ని టన్నులు, ఏ సర్వే నంబరులో, ఏ తేదీన వేస్తున్నారో రాసుకున్నారా?
- బురద వేయని ఒక మూల మడిని పోలిక కోసం వదిలారా?

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే తర్వాత వచ్చే ఏ అంకెకూ అర్థం చెప్పడం కష్టం.

3. మట్టి నమూనా తీయడం

ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా, నమూనా తప్పుగా తీస్తే ఫలితం తప్పే. బురద పొలమంతా సమానంగా పడదు. ట్రాక్టర్ కుప్ప పోసిన చోట ఎక్కువ, గట్ల పక్కన తక్కువ ఉంటుంది.

పొలాన్ని నేల రంగు, వాలు, బురద వేసిన చరిత్ర బట్టి భాగాలు చేయండి. ఒక్కో భాగంలో వంకరటింకరగా నడుస్తూ 15 చోట్ల మట్టి తీయండి. పైన ఉన్న చెత్తను పక్కకు నెట్టి, 15 సెంటీమీటర్ల లోతు వరకు వి ఆకారపు గుంత తవ్వి, ఒక పక్క నుంచి పైనుంచి కింది దాకా సమాన మందంలో పొర తీయాలి. వీలైతే 15 నుంచి 30 సెంటీమీటర్ల పొరను విడిగా తీయండి. లోహం కిందికి దిగుతోందో లేదో అదే చెబుతుంది.

మొత్తం మట్టిని శుభ్రమైన ప్లాస్టిక్ పట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలను తీసివేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి, చెక్క రోకలితో మెత్తగా నలిపి, 2 మిల్లీమీటర్ల నైలాన్ జల్లెడతో జల్లించండి.

జింకు పూత పూసిన బకెట్, ఇత్తడి జల్లెడ, తుప్పు పట్టిన పార వాడకూడదు. ఇవి నమూనాలోకి జింకును, రాగిని, ఇనుమును చేరుస్తాయి. ఎరువు సంచులు, పురుగుమందుల డబ్బాలు నమూనాకు వాడకండి. రోడ్డు పక్క, మోటారు షెడ్డు దగ్గర, తీగ కంచె కింద మట్టి తీయవద్దు.

4. ముందుగా పీహెచ్, ఈసీ (ఉప్పదనాన్ని చూపే విద్యుత్ వాహకత), సేంద్రియ కర్బనం

ఈ మూడూ ఖర్చు తక్కువ పరీక్షలు, కానీ లోహం అంకెను చదవడానికి తాళం చెవి వీటిలోనే ఉంది.

పీహెచ్ తగ్గేకొద్దీ కాడ్మియం, జింకు, నికెల్ మట్టి కణాల నుంచి విడిపోయి నీటిలోకి వస్తాయి. మొత్తం కాడ్మియం ఒకటే అయినా, పీహెచ్ 5.5 ఉన్న ఎర్ర చల్కా నేలలో పంటకు అందేది ఎక్కువ, 7.8 ఉన్న నల్లరేగడిలో తక్కువ. ఆర్సెనిక్, మాలిబ్డినం, ఆరు విద్యుదావేశాల రూపంలోని క్రోమియం ఇందుకు భిన్నంగా ప్రవర్తిస్తాయి. పీహెచ్ పెరిగితే వాటి చలనం పెరుగుతుంది.

ఈసీని ఎందుకు చూడాలంటే, మట్టి నీటిలో క్లోరైడ్ ఎక్కువైతే అది కాడ్మియంతో జతకట్టి దాన్ని కరిగే రూపంలో నిలుపుతుంది. అందువల్ల పీహెచ్ 7.5 దాటి ఉన్నా, ఉప్పు నీరు పారే మడిలో కాడ్మియం పంటలోకి ఎక్కవచ్చు. మురుగునీటి సాగులో ఇది తరచుగా మరచిపోయే విషయం.

సేంద్రియ పదార్థం లోహాన్ని పట్టి ఉంచుతుంది. బురదతో వచ్చిన సేంద్రియ పదార్థం ఏళ్ల మీద కుళ్లి తగ్గుతుంది. అదే సమయంలో బురదలోని అమ్మోనియా నైట్రేటుగా మారుతూ పీహెచ్‌ను కొంత దించుతుంది. బురదలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మాత్రం కుళ్లవు, అవి లోహాన్ని పట్టి ఉంచుతూనే ఉంటాయి. వీటిలో ఏది గెలుస్తుందో నేలను బట్టి ఉంటుంది. అందుకే ఒకసారి చేసిన పరీక్ష చాలదు.

5. డీటీపీఏ పరీక్ష

డీటీపీఏ అంటే మట్టిలోని లోహాన్ని పట్టుకుని ద్రావణంలోకి లాగే రసాయనం. పంటకు అందే లోహాన్ని అంచనా వేయడానికి మన ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే పద్ధతి ఇదే. లిండ్సే, నార్వెల్ 1978లో ప్రచురించిన ఈ పద్ధతిని తటస్థ, సున్నపు నేలల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు లోపం కనుక్కోవడానికి రూపొందించారు. కాడ్మియం, సీసం, నికెల్‌కు వాడడం తర్వాత అలవాటైంది.

విద్యార్థుల కోసం క్రమం ఇస్తున్నాను:

1. ఒక లీటరు ద్రావణానికి డీటీపీఏ 1.967 గ్రాములు, ట్రైఇథనోలమైన్ 14.92 గ్రాములు, రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడ్ 1.47 గ్రాములు తీసుకోండి.
2. స్వేదనజలంలో కరిగించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 7.30కి తెచ్చి, లీటరు చేయండి. 0.05 కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు.
3. 10 గ్రాముల మట్టికి 20 మిల్లీలీటర్ల ద్రావణం కలిపి, సరిగ్గా 2 గంటలు షేకర్ మీద కుదపండి. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉండాలి.
4. వెంటనే వాట్‌మన్ 42 కాగితంతో వడపోసి, లోహాన్ని కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలో గానీ ఐసీపీ యంత్రంలో గానీ చదవండి.
5. మట్టి లేకుండా ద్రావణం మాత్రమే నడిపిన ఖాళీ నమూనా అంకెను తీసివేసి, మిగిలినదాన్ని 2తో గుణించండి. వచ్చేది కిలో మట్టికి మిల్లీగ్రాములు.

యంత్రం లీటరుకు 0.08 మిల్లీగ్రాముల కాడ్మియం చూపితే, మట్టిలో డీటీపీఏకి అందినది కిలోకు 0.16 మిల్లీగ్రాములు. ప్రతి పది నమూనాలకు ఒకదాన్ని రెండుసార్లు నడపండి, రెండు అంకెలు దూరంగా ఉంటే మొత్తం వరుసను మళ్లీ చేయండి.

ఈ పద్ధతికి రెండు హద్దులున్నాయి. మొదటిది, ద్రావణం తన పీహెచ్‌ను 7.3 దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి ఆమ్ల నేలలో నిజంగా ఉన్న చలనాన్ని అది చూపలేదు. రెండోది, లోహం బాగా ఎక్కువగా ఉన్న నేలలో 20 మిల్లీలీటర్లలోని డీటీపీఏ నిండిపోయి అంకె తక్కువగా వస్తుంది. జింకు, రాగి కలిపి చాలా ఎక్కువ వస్తే, 10 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల ద్రావణంతో మళ్లీ చేసి, 5తో గుణించి పోల్చండి. రెండో అంకె గణనీయంగా ఎక్కువైతే మొదటిదాన్ని నమ్మకండి.

రైతుల చేతిలో ఇప్పటికే ఒక ఆధారం ఉంది. భూసార ఆరోగ్య కార్డులో కాడ్మియం, సీసం ఉండవు, కానీ జింకు, రాగి ఉంటాయి. జింకు లోపానికి హద్దు కిలోకు 0.6 మిల్లీగ్రాములు, రాగికి 0.2. మీ కార్డులో జింకు ఈ హద్దుకు పది రెట్లు దాటి కనిపిస్తే, జింకు సల్ఫేటు అదే పనిగా వేయని పొలమైతే, బురద ప్రభావం గట్టిగా ఉందని అనుమానించి కాడ్మియం పరీక్షకు పంపండి.

6. కాల్షియం క్లోరైడ్ పరీక్ష, మొత్తం లోహం

పీహెచ్ 6.5 కన్నా తక్కువ ఉన్న నేలలో డీటీపీఏతోపాటు 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్ పరీక్ష కూడా అడగండి. 10 గ్రాముల మట్టికి 100 మిల్లీలీటర్లు, 2 గంటల కుదుపు, వచ్చిన అంకెకు 10 రెట్లు. ఈ ద్రావణం మట్టి పీహెచ్‌ను మార్చదు కాబట్టి వేరు చుట్టూ ఉన్న స్థితికి దగ్గరగా చూపుతుంది. అంకెలు చాలా చిన్నవి కావడంతో జ్వాలతో కొలిచే సాధారణ అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రం పట్టలేదు; మరింత సూక్ష్మంగా కొలిచే గ్రాఫైట్ కొలిమి గానీ ఐసీపీ-ఎంఎస్ గానీ ఉన్న ప్రయోగశాల కావాలి.

మొత్తం లోహానికి ఆక్వా రీజియా వంటి ఘాటైన ఆమ్లాలతో మట్టిని జీర్ణం చేస్తారు. అది ఆవిరి తొట్టి ఉన్న చోట, శిక్షణ పొందినవారు మాత్రమే చేయాలి. ఐరోపా నిబంధన బురద వేసే నేలలో మొత్తం కాడ్మియానికి కిలోకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, సీసానికి 50 నుంచి 300, జింకుకు 150 నుంచి 300 మధ్య హద్దు పెట్టుకోమంటుంది. కింది అంకె చేరగానే బురద ఆపడం మంచిది.

7. చివరి మాట పంటదే

మట్టి పరీక్ష అంచనా మాత్రమే. తినే భాగంలో ఎంత ఉందో కొలిస్తేనే నిర్ణయం గట్టిపడుతుంది. ప్రతి మడిలో కనీసం 15 మొక్కల నుంచి, అమ్మకానికి కోసే దశలోనే, తినే భాగాన్ని తీయండి. పక్కన వదిలిన బురద లేని మడి నుంచి కూడా అదే రోజు తీయండి.

సగం నమూనాను వంటింట్లో కడిగినట్టు కడిగి, మిగతా సగాన్ని కడగకుండా విడిగా పంపండి. కడిగినదానిలో సీసం బాగా తగ్గితే అది దుమ్ముతో వచ్చినది; మడి మార్చడం కన్నా కడగడం, కప్పడం, రోడ్డుకు దూరంగా వేయడం పని చేస్తాయి. కాడ్మియం కడిగినా తగ్గకపోతే అది వేరు నుంచి వచ్చినది.

ప్రయోగశాల పొడి బరువు మీద అంకె ఇస్తుంది, ఆహార పరిమితులు పచ్చి బరువు మీద ఉంటాయి. ఇక్కడే పెద్ద గందరగోళం జరుగుతుంది. ఆకులో 90 శాతం నీరుంటే, పొడి మీద 2.5 వచ్చిన కాడ్మియం పచ్చి మీద 0.25. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి ఆకుకూరల్లో కాడ్మియానికి కిలోకు 0.2, సీసానికి 0.3, పాలిష్ చేసిన బియ్యంలో కాడ్మియానికి 0.4 మిల్లీగ్రాములు. అంటే 0.25 వచ్చిన ఆ ఆకుకూర అమ్మదగినది కాదు.

8. లభ్యతను తగ్గించే పనులు

*పీహెచ్‌ను 6.5 కన్నా దిగనివ్వకండి.* ఆమ్ల నేలకు సున్నం మోతాదును ప్రయోగశాల బఫర్ పరీక్షతోనే (ఎంత సున్నం కావాలో చెప్పే పరీక్ష) నిర్ణయించాలి, అంచనాతో కాదు. విత్తడానికి కొన్ని వారాల ముందు వేసి బాగా కలియదున్నాలి. ఇప్పటికే 7.5 దాటిన నేలలో సున్నం వృథా. జిప్సం పీహెచ్‌ను పెంచదు, కాబట్టి సున్నానికి బదులుగా దాన్ని వేయకూడదు.

*పంటను మార్చండి.* ఇది అన్నిటికన్నా బలమైన మార్గం. పాలకూర, తోటకూర, లెట్యూస్ కాడ్మియాన్ని ఎక్కువగా లాగుతాయి. పొగాకు ఆకులో కూడా బాగా చేరుతుంది. పండు, కాయ, గింజ తినే పంటల్లో సాధారణంగా తక్కువ. అనుమానం ఉన్న మడిలో ఆకుకూరలు ఆపి మొక్కజొన్న, పత్తి, పూలు, ఆహారానికి కాని చెట్లు వేసుకోవచ్చు.

*వరిలో నీరు నిలపండి.* నీరు నిలిచిన మడిలో కాడ్మియం సల్ఫైడుగా మారి వేరుకు అందదు. గింజ పాలుపోసుకునే దశలో మడి ఆరబెడితే తిరిగి విడుదలవుతుంది. అయితే ఆర్సెనిక్ దీనికి వ్యతిరేకం, నిలువ నీటిలో పెరుగుతుంది. రెండూ ఉన్న నేలలో గింజ పరీక్ష లేకుండా నీటి పద్ధతి నిర్ణయించవద్దు.

*జింకు లోపం రానివ్వకండి.* జింకు తక్కువైన నేలలో మొక్క కాడ్మియాన్ని ఎక్కువగా తీసుకుంటుంది. బురద వేసిన చోట లోపం అరుదే, సున్నం అతిగా వేసిన మడిలో మాత్రం రావచ్చు.

*మేతను ఎత్తుగా కోయండి.* పారాగడ్డిని నేలకు అంటకుండా కోసి, బురద అంటిన మొదళ్లను వదిలేయాలి. పీహెచ్ ఎక్కువున్న మేత పొలంలో మాలిబ్డినం పెరిగి పశువుల్లో రాగి లోపం తేగలదు. వెంట్రుకల రంగు పాలిపోవడం, ఆగని విరేచనాలు కనిపిస్తే పశువైద్యుడికి బురద సంగతి చెప్పండి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

డీటీపీఏ అంకెను మొత్తం లోహపు పరిమితితో పోల్చడం సర్వసాధారణం. 0.3 వచ్చింది, హద్దు 3 కదా అని ఊరట పడతారు. ఆ రెండూ వేరు కొలతలు. డీటీపీఏ అంకెను బురద వేయని మడి డీటీపీఏ అంకెతోనే పోల్చాలి.

తడి బురద టన్నులను పొడి లెక్కలో వేయడం మరొకటి. తేమ శాతం లేని నివేదికను వెనక్కి పంపండి.

నీరు నిలిచిన వరి మట్టిని ఆరబెట్టి పరీక్షించి, ఆ అంకెను నిలువ నీటి స్థితికి అన్వయించకండి. ఆరినప్పుడు సల్ఫైడు విడిపోయి అంకె పెరుగుతుంది. అది మడి ఆరిన తర్వాతి స్థితికే సరిపోతుంది.

బురద వేసిన వారంలోనే నమూనా తీయడం వల్ల ముద్దలు ముద్దలుగా పడిన బురదే కొలిచినట్టవుతుంది. కలియదున్ని, ఒకటి రెండు తడుల తర్వాత తీయండి. ఆపై ఏటా అదే నెలలో తీయండి.

లోహం తక్కువగా ఉందని పచ్చి బురదను కూరగాయలకు వేయడం మరో ప్రమాదం. నులిపురుగుల గుడ్లు, రోగక్రిములు వేరే సమస్య, దానికి వేరే శుద్ధి కావాలి. ఐరోపా నిబంధన పచ్చిగా తినే, నేలకు తగిలే కూరగాయల కోతకు బురద వేసిన తర్వాత 10 నెలల ఎడం పెట్టింది. చేతి తొడుగులు, బూట్లు లేకుండా బురద చల్లించవద్దు.

10. పొలం పుస్తకం, ఆపే హద్దు

ప్రతి సర్వే నంబరుకు ఒక పేజీ కేటాయించి ఈ వివరాలు రాయండి:

- బురద తేదీ, కేంద్రం, పొడి టన్నులు, అందులోని కాడ్మియం, సీసం, నికెల్, జింకు
- ఎకరానికి ఇప్పటివరకు చేరిన లోహపు మొత్తం
- ఏటా పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం
- డీటీపీఏ అంకెలు, పక్కనే బురద లేని మడి అంకెలు
- పంట, తినే భాగంలో పచ్చి బరువు మీద కాడ్మియం, సీసం

వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ మడికి బురద ఆపండి: మొత్తం కాడ్మియం కిలోకు 1 మిల్లీగ్రాము చేరడం, తినే భాగం ఆహార పరిమితిలో సగం దాటడం, పీహెచ్ 6కి దిగి సున్నంతో నిలబడకపోవడం, వరుసగా రెండేళ్లు డీటీపీఏ కాడ్మియం పెరుగుతూ పోవడం. సగం దగ్గరే ఆపమనడం నేను పెట్టుకున్న జాగ్రత్త హద్దు, చట్టపు హద్దు కాదు. బురద ఆపిన తర్వాత కూడా లోహం మట్టిలోనే ఉంటుంది కాబట్టి పీహెచ్, పంట పరీక్షలు కొనసాగాలి. ఆ పొలాన్ని కౌలుకు ఇచ్చినా, అమ్మినా, ఈ పుస్తకం కొత్తవారి చేతికి ఇవ్వాలి.